ఎక్స్‌రే బాగానే ఉందన్నా తుంటి ఎముక విరిగి ఉండవచ్చు

ప్రశ్న: మా అమ్మ వయసు 74 ఏళ్లు. రెండేళ్ల కిందట ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోర్ మైనస్ 3.1 వచ్చింది. అప్పుడు రాసిచ్చిన మాత్రలు కొన్ని నెలలు వాడి మానేసింది. బీపీకీ, నిద్రకూ మాత్రలు వేసుకుంటుంది. పది రోజుల కిందట రాత్రిపూట బాత్‌రూమ్‌కు లేచి జారిపడింది. ఆ రోజు తీసిన ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు. గజ్జల్లోనూ మోకాలి దగ్గరా నొప్పి మాత్రం తగ్గలేదు. మందుల దుకాణంలో తెచ్చిన నొప్పి మాత్ర వేస్తే గోడ పట్టుకుని కొద్దిగా నడుస్తోంది. ఎముకలు బలపడటానికి ఏ కాల్షియం మాత్రలు మంచివి? ఎన్నాళ్లు వాడాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: కాల్షియం గురించి చివర్లో చెబుతాను. పడి పది రోజులైనా గజ్జల్లో నొప్పి తగ్గకపోవడం, మాత్ర వేస్తే తప్ప మీ అమ్మగారు కాలు మోపలేకపోవడం నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. స్వయంగా పరీక్షించకుండా జబ్బు ఇదేనని నిర్ధారించడం సరికాదు. అయినా ఎముకలు గుల్లబారిన పెద్దవారిలో ఈ లక్షణాలు కనిపిస్తే, కాదని తేలేవరకు తుంటి ఎముక విరిగినట్లుగానే భావించి జాగ్రత్త పడాలి. మోకాలి నొప్పిని కూడా వేరే సమస్య అనుకోవద్దు. తుంటి కీలులో దెబ్బ తగిలినప్పుడు నొప్పి తొడ మీదుగా మోకాలి వరకు తెలుస్తుంది, కొందరిలో అక్కడే ఎక్కువగా ఉంటుంది.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా అని మీరు ధైర్యంగా ఉన్నట్లున్నారు. తొడ ఎముక మెడభాగంలో, అంటే తుంటి కీలులో ఇమిడే గుండ్రటి తలకు కిందనున్న సన్నటి భాగంలో, చీలిక ఏర్పడి, ముక్కలు పక్కకు జరగకుండా ఉంటే తొలి ఎక్స్‌రేలో అది కొంతమందిలో కనబడదు. ఎముక బాగా పలచబడినవారిలో దాన్ని గుర్తించడం మరీ కష్టం. అలాంటి సందర్భంలో అనుమానం తీర్చుకోవడానికి ఎమ్మారై ఉత్తమం. పేస్‌మేకర్ వంటి కారణాలతో అది తీయడానికి వీలుకాకపోతే సీటీ స్కాన్ ఉపయోగపడుతుంది. కాబట్టి ఈ రోజే ఆమెను ఆర్థోపెడిక్ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అక్కడికి చేరేవరకు నడిపించవద్దు, తుంటి దగ్గర మర్దన చేయించవద్దు. ఆ కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటి వైపు తిరిగిపోయినా, అసలు కాలు ఎత్తలేకపోయినా అంబులెన్స్‌లో పడుకోబెట్టే తీసుకెళ్లాలి.

ఇంత తొందర ఎందుకో కూడా చెప్పాలి. తొడ ఎముక తలకు రక్తాన్ని తీసుకెళ్లే నాళాలలో ముఖ్యమైనవి మెడభాగాన్ని ఆనుకునే వెళతాయి. విరిగిన ముక్కలు జరగకుండా ఉన్నప్పుడు చాలామందికి చిన్న ఆపరేషన్‌తో స్క్రూలు బిగించి, ఉన్న ఎముకనే నిలబెట్టవచ్చు. నొప్పి తెలియనివ్వని మాత్ర వేసుకుని ఆ కాలి మీదే బరువు మోపుతూ తిరిగితే ముక్కలు పక్కకు జారి రక్తనాళాలు తెగిపోవచ్చు. ఆ తర్వాత ఎముక తల చచ్చుబడే ప్రమాదం ఎక్కువ కనుక ఈ వయసువారికి సాధారణంగా కీలు సగమో, పూర్తిగానో మార్చాల్సి వస్తుంది. నొప్పి మాత్రతో మీ అమ్మగారు నడవగలుగుతున్నారంటే దెబ్బ మానుతోందని కాదు. ఆగి చూసుకోమని ఒళ్లు చేస్తున్న హెచ్చరికను ఆ మాత్ర వినబడనివ్వడం లేదు. పైగా ఈ రకం మాత్రల్లో చాలావాటిని బీపీ ఉన్న పెద్దవారు రోజుల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు, బీపీ కూడా పెరగవచ్చు. వైద్యుడిని అడగకుండా పది రోజులు వేయడం సరైన పని కాదని కాస్త కటువుగానే చెప్పక తప్పడం లేదు.

ఎముక విరిగిందని తేలితే, ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, మంచంలో ఉంచి చూసుకుందామని కొన్ని కుటుంబాలు అనుకుంటాయి. ప్రేమతోనే అలా అంటారని నాకు తెలుసు. కానీ తుంటి విరిగి మంచాన పడిన పెద్దవారికి ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ల రక్తనాళాల్లో రక్తపు గడ్డలు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పడక పుండ్లు, మతి తప్పినట్లు మాట్లాడటం వంటివి ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. తుంటి విరిగినవారిలో ఏడాది తిరిగేలోపు సుమారు అయిదుగురిలో ఒకరు చనిపోతారు. దీనికి అప్పటికే ఉన్న ఇతర జబ్బులతో పాటు మంచాన పడటం వల్ల వచ్చే ఈ ఇబ్బందులూ కారణమవుతాయి. మత్తు ఇవ్వడానికి వీలున్నవారికి ఆసుపత్రిలో చేరిన 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాటి నుంచే నిలబెట్టి నడిపించాలని మేం ప్రయత్నించేది అందుకే. గుండె, మూత్రపిండాల పరిస్థితిని బట్టి తుది నిర్ణయం ఆమెను చూసే వైద్య బృందానిదే.

ఇక కాల్షియం. ఆహారంతో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు అందితే చాలు, అందులో తక్కువ పడినంత వరకే మాత్రలు కావాలి. విటమిన్ డి లోపం ఉంటే దాన్నీ సరిచేయాలి. అయితే టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లు లెక్క. అలాంటివారికి ఈ రెండూ సరిపోవు, ఎముక అరుగుదలను తగ్గించే మందు కూడా కావాలి. మీ అమ్మగారు మానేసిన మాత్రలు ఏవో మీరు రాయలేదు. బహుశా వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ అయి ఉండవచ్చు. దాన్ని పరగడుపున, నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. అలా చేయనివారికి గొంతులో, ఛాతీలో మంట పుట్టి చాలాసార్లు మందే మానేస్తారు. అది పడకపోతే ఏడాదికోసారి రక్తనాళంలోకి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. మూత్రపిండాల పనితీరు, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూసుకున్నాకే దాన్ని ఇస్తారు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆమె వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి. రక్తాన్ని పలచబరిచే మందులేమైనా ఉంటే ముందుగానే చెప్పండి, పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే అదీ చెప్పండి. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా బీపీ చూడమని అడగండి. నిలబడ్డాక పై అంకె 20 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గిపోతుంటే బీపీ మందుల మోతాదును, వేళలను ఆమె వైద్యుడు తిరిగి పరిశీలించాల్సి ఉంటుంది. రాత్రి లేచినప్పుడు తూలిపోవడానికి నిద్రమాత్ర కూడా కారణం కావచ్చు. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయవద్దు, చాలాకాలంగా వాడుతున్నవారికి దాన్ని నెమ్మదిగా తగ్గిస్తూ మాన్పించాలి.