గొట్టం వేయకుండా మాస్కుతో శ్వాస: ఒక పాఠకురాలి సందేహం

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్నగారికి 68 ఏళ్లు. బీడీలు కాల్చేవారు, సీఓపీడీ (ఊపిరితిత్తుల గాలిదారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ముదిరి మగతగా ఉంటే ఐసీయూలో చేర్చాం. అక్కడ గొంతులో గొట్టం వేయకుండా ముఖానికి మాస్కు బిగించి బైపాప్ (మాస్కు ద్వారా పీడనంతో గాలి పంపే మిషన్) పెట్టారు. వెంటిలేటరే పెట్టమని అడగాల్సిందని మా బాబాయి అంటున్నారు. నాన్న దాహమని సైగ చేసినా నర్సులు నీళ్లు ఇవ్వనివ్వలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చారు. మళ్లీ ఇలా అయితే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ నాన్నగారికి అందింది తక్కువ రకం వైద్యం కాదు. సీఓపీడీ ముదిరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, పీహెచ్ 7.35 కంటే తగ్గినప్పుడు, అంటే రక్తంలో ఆమ్లత్వం పెరిగినప్పుడు, మందులతో పాటు మొదట ఆలోచించవలసిన శ్వాస సహాయం ఇదే. ఈ జబ్బులో లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు కాబట్టి శ్వాసకండరాలు అలసిపోతాయి. బైపాప్ గాలి పీల్చేటప్పుడు ఎక్కువ పీడనంతో, వదిలేటప్పుడు తక్కువ పీడనంతో ఆ కండరాల బరువును పంచుకుంటుంది. ఈలోగా నెబులైజర్ మందులు, స్టెరాయిడ్లు పనిచేయడానికి వ్యవధి దొరుకుతుంది. గొట్టం వేస్తే సాధారణంగా మత్తుమందు ఇవ్వవలసి వస్తుంది, న్యుమోనియా సోకే ప్రమాదమూ పెరుగుతుంది. బ్రిటన్‌లో 14 ఆసుపత్రులలో ఇటువంటి 236 మంది రోగులపై జరిగి, 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 20 శాతం మంది ఆసుపత్రిలో మరణించగా, మాస్కు సహాయం కూడా పొందినవారిలో అది 10 శాతమే.

అయితే మాస్కునే పట్టుకుని కూర్చోవడమూ ప్రమాదకరమే. మొదలుపెట్టిన గంట, రెండు గంటల్లో మణికట్టు ధమని నుంచి రక్తం తీసి, అందులోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, పీహెచ్ చూసే ఏబీజీ పరీక్ష మళ్లీ చేస్తారు. పీహెచ్ మెరుగుపడక, ఆయాసం తగ్గక, మగత పెరుగుతుంటే గొట్టం వేయడంలో ఆలస్యం చేయకూడదు. ఆ సమయంలో డాక్టర్లు సంతకం అడిగితే దయచేసి బంధువులందరూ వచ్చేదాకా ఆగకండి. ఆగని వాంతులు, ముఖానికి గాయాలు ఉన్నవారికి మాస్కు సరిపడదు. న్యుమోనియా వల్ల ఊపిరి అందనివారిలో దీని ఫలితం ఇంత నమ్మకంగా ఉండదు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారికి మాత్రం బాగా ఉపయోగపడుతుంది.

నీళ్ల విషయంలో నర్సులు చేసింది సరైనదే. పీడనంతో వచ్చే గాలి కొంత పొట్టలోకీ పోతుంది; మాస్కు లోపల వాంతి అయితే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. మీ అంతట మీరు మాస్కు తీయకుండా, పెదవులు తడపడానికి వీలవుతుందేమో నర్సునే అడగండి. ముక్కు దూలం ఎర్రబడినా, మాస్కు అంచు నుంచి గాలి కళ్లలోకి కొడుతున్నా వెంటనే చెప్పండి, సర్దుతారు. తమిళం రాని పెద్దాయనకు, ఆ గాలి ఒత్తిడి ఎందుకో, మిషన్‌తో పాటు ఎలా ఊపిరి తీసుకోవాలో చేయి పట్టుకుని తెలుగులో చెప్పేవారు పక్కన ఉండడం ఎంతో అవసరం. ఐసీయూవారిని అనుమతి అడగడానికి మొహమాటపడకండి.

డిశ్చార్జి కాగితాలు, పాత ఏబీజీ రిపోర్టు చేతికందేచోట ఉంచండి. మళ్లీ ఆయాసం వస్తే 108 అంబులెన్సులోనే వాటిని చూపించి, ఈయనకు కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందని చెప్పండి. ఇటువంటివారికి ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగవచ్చు కాబట్టి, సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని (శాచురేషన్) 88 నుంచి 92 మధ్య ఉంచుతారు.