ఇద్దరికీ ఒకే ముహూర్తం ఎందుకు?

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది గాజువాక. నాది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది. మాకు కవలలు, పాప, బాబు. రెండేళ్ళ మూడు నెలలు నిండాయి. డైపర్లు మాన్పించే పని నా మీద పడింది, నాకేమో ఇందులో ఓనమాలు రావు. పూర్ణా మార్కెట్‌లో ఒకే రకం పాటీ కుర్చీలు రెండు కొన్నాను. పాప తొందరగానే అలవాటు పడింది. "నాన్నా, సుస్సు" అని చెప్పి మరీ వెళ్తోంది. బాబు మాత్రం కుర్చీ చూస్తే చాలు, ఏడుపు. రెండుకి వచ్చినప్పుడు బీరువా పక్కకి పోయి, మునివేళ్ళ మీద నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని డైపర్ వెయ్యమంటాడు. అదీ రెండు మూడు రోజులకోసారే, గట్టిగా. చెల్లిని చూసి నేర్చుకోమన్నాం, ఫ్రిజ్ మీద చార్ట్ పెట్టి స్టిక్కర్లు అంటించాం. లాభం లేదు. "మిమ్మల్ని ఏడాదికే మాన్పించాను, ఏటి మీ తరం" అంటుంది మా అమ్మ. జూన్‌లో ప్లే స్కూల్‌కి పంపుదామంటే డైపర్ లేకుండా పంపమన్నారు. పాపకి కూడా ఆపేసి, ఇద్దరికీ కలిపి మళ్ళీ మొదలెట్టమంటారా? రాత్రి డైపర్ ఎప్పుడు తీసెయ్యాలి? వచ్చే నెల రైల్లో తిరుపతి వెళ్ళాలి, అదొక టెన్షన్.
– ఒక నాన్న, గాజువాక

జవాబు: బాబూ, మీరు అడిగిన వాటికన్నా ముందు, మధ్యలో రాసేసి దాటిపోయిన మాట దగ్గర ఆగుతాను. "రెండు మూడు రోజులకోసారే, గట్టిగా." మీ ఉత్తరంలో అసలు సంగతి అదే. పిల్లల వార్డులో నర్సుగా చేసినంత కాలం, డైపర్ మానడం లేదని వచ్చే తల్లిదండ్రులని నేను మొదట అడిగింది పిల్లాడి విరేచనం గురించే.

మునివేళ్ళ మీద నిలబడి మొహం ఎర్రబడితే ముక్కుతున్నాడనుకుంటాం. చాలాసార్లు అది బిగబట్టుకోవడం. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టిందంటే పిల్లాడు దాన్ని మర్చిపోడు, మళ్ళీ వచ్చినప్పుడు ఆపుకుంటాడు. ఆపుకున్నకొద్దీ అందులోని నీటిని పేగు పీల్చేస్తుంది, మరింత గట్టిపడుతుంది, మరింత నొప్పి. ఇది తేలకుండా మీరు ఎంత మంచి కుర్చీ తెచ్చినా వాడు దాని మీద కూర్చోడు.

అందుకని బాబుకి కొన్నాళ్ళు కుర్చీ మాట ఎత్తకండి. పాలు ఎన్ని తాగుతున్నాడో చూడండి. కవలలున్న ఇళ్ళలో ఇద్దరికీ అన్నం తినిపించే ఓపిక లేక పాల సీసాతో సరిపెట్టేయడం మామూలే, తప్పు పట్టను. కానీ రోజు మొత్తం మీద అరలీటరు దాటనివ్వకండి. పొద్దున చోడి అంబలి, అన్నంలో తోటకూర పప్పు, సాయంత్రం బొప్పాయి, దొరికినప్పుడు తాటిముంజలు. మన ఉక్కపోతకి పిల్లలకి ఎంత చెమట పోతుందో మీకు తెలుసు కదా, నీళ్ళు, మజ్జిగ అడగకముందే ఇస్తూ ఉండాలి. వారం పది రోజుల్లో మెత్తబడకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. మెత్తబరిచే సిరప్ ఇస్తారు. కొందరికి నెలల తరబడి కూడా వాడమంటారు. ఒక రోజు బాగా వెళ్ళాడని మీ అంతట మీరు ఆపకండి. రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా ఆ వారం కూడా ఆగొద్దు.

తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం మాత్రం వద్దే వద్దు. పెద్దవాళ్ళు అలిగినా సరే. అసలే అక్కడ భయం ఉన్న పిల్లాడు.

మెత్తగా, నొప్పి లేకుండా వెళ్ళడం మొదలయ్యాక కూడా డైపర్ అడిగితే వెయ్యండి. కాకపోతే బీరువా పక్కన కాకుండా బాత్రూమ్‌లో నిలబడి వెళ్ళమనండి. అది అలవాటయ్యాక డైపర్‌తోనే కుర్చీ మీద కూర్చోనివ్వండి. డైపర్ తియ్యడం అన్నిటికన్నా ఆఖరున. తిన్న అరగంట లోపు పేగులు కదులుతాయి కాబట్టి ఆ సమయంలో అయిదు నిమిషాలు చాలు, లేస్తానంటే లేవనివ్వండి. పాదాలు నేలకి ఆనాలి. పెద్ద కమోడ్ మీద చిన్న సీటు వేస్తే కాళ్ళ కింద పీట వెయ్యండి, కాళ్ళు వేలాడుతుంటే ముక్కడానికి పట్టు దొరకదు. ఫ్లష్ వాడు బయటికొచ్చాక నొక్కండి.

ఫ్రిజ్ మీద చార్ట్ ఇవాళే పీకేయండి. ఒక్క పిల్లాడున్న ఇంట్లో అది సరదా, కవలలున్న ఇంట్లో అది స్కోరు బోర్డు. పొద్దున్న లేస్తే చెల్లి గెలిచినట్టు కనిపిస్తుంటే వాడికి ఆట మీదే కోపం వస్తుంది. "చెల్లిని చూడు" అన్న మాట కూడా మానేయండి.

పాపకి ఆపనే ఆపకండి. మీ సౌకర్యం కోసం ఆమెని వెనక్కి లాగడం అన్యాయం. పాపా బాబూ కవలలంటే రెండు వేరు వేరు అండాల నుంచి వచ్చినవాళ్ళు. వేరే కాన్పుల్లో పుట్టిన అక్కాతమ్ముళ్ళకి ఎంత పోలిక ఉంటుందో వీళ్ళకీ అంతే. ఒకేసారి పళ్ళు వచ్చాయా? ఒకేరోజు నడిచారా? పైగా మగపిల్లలు సగటున కొన్ని నెలలు వెనకే ఉంటారు. అమెరికాలో బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 1170 మంది పిల్లల వివరాలు చూసి 1962లో ప్రచురించారు. పగలు తడపకుండా ఉండటం సగటున 28.5 నెలలకి వచ్చిందట. మీవాళ్ళకి ఇప్పుడు 27. సగటు అంటేనే, అది దాటాక నేర్చుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నట్టు.

పాపకి ఒక్క జాగ్రత్త. ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే కడగాలి, ఇంట్లో అందరూ. మంట అని ఏడ్చినా, కారణం తెలియని జ్వరం వచ్చినా మూత్ర పరీక్ష చేయించండి.

మీ అమ్మగారు అబద్ధం చెప్పడం లేదు. అప్పట్లో కాళ్ళు చాపుకుని, పాదాల మీద పిల్లని కూర్చోబెట్టుకుని "స్‌స్" అనేవాళ్ళు. పిల్లకి ఎప్పుడొస్తుందో తల్లి కనిపెట్టుకుని ఉండేది. పిల్లకి ఆపుకోవడం తెలిసేది కాదు, అందులో నేర్పంతా తల్లిదే. ఇప్పటి డైపర్ తడంతా పీల్చేస్తుంది, పిల్లలకి తడిసిన సంగతే తెలియదు. మీ అమ్మగారికి మోకాళ్ళు సహకరిస్తే, బాబుకి నొప్పి తగ్గాక ఒకసారి పాదాల మీద కూర్చోబెట్టుకోమనండి. కుర్చీ వద్దన్నవాడు నానమ్మ కాళ్ళ మీద కూర్చోవచ్చు. గొంతుకూర్చుంటే సులువుగానూ వెళ్తాడు. మీ షిఫ్ట్ మారినా పిల్లల టైము మారకూడదు కాబట్టి, మీరు డ్యూటీలో ఉన్నప్పుడు ఆ పని ఎవరిదో ముందే అనుకోండి.

జూన్ గడువు స్కూలుది, బాబుది కాదు. అంగన్‌వాడీలో చదువు కూడా మూడేళ్ళ నుంచే. స్కూలువాళ్ళు ఒప్పుకోకపోతే పాపని పంపి, బాబుని దసరా తర్వాత పంపండి. కొంపలేం మునగవు.

రాత్రి సంగతి వేరు, అది నేర్పితే వచ్చేది కాదు. నిద్రలో మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోను పెరగాలి, మూత్రం నిండితే మెలకువ రావాలి. అయిదేళ్ళ వరకు పక్క తడిపినా జబ్బేం కాదు. పొద్దున లేచేసరికి డైపర్ వరసగా పొడిగా ఉంటే అప్పుడు తీసెయ్యండి, ముందు ఎవరిది పొడిగా ఉంటే వాళ్ళకి.

తిరుపతి రైల్లో ఇద్దరికీ ప్యాంటులా తొడిగే డైపర్లు వెయ్యండి. పాప అడిగితే తీసుకెళ్ళండి, అడగకపోతే ఏమీ అనకండి. దిగాక మామూలుగా నిక్కరే. బాబుకి దారిలో బిస్కెట్ ప్యాకెట్లు కొనిపెట్టకండి, పండిన బొప్పాయి ముక్కలు డబ్బాలో పట్టుకెళ్ళండి.