ఎత్తు మీద కన్ను: ఆన్‌లైన్ చెస్ నిఘాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. వచ్చే నెల ఆన్‌లైన్ టోర్నమెంటుకు ల్యాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలట, ఫోన్‌ను రెండో కెమెరాగా పెట్టాలట. ఇంట్లో ఉన్నది మావారి ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కటే. పనికొస్తుందా? అసలు ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చూస్తుంది?
- ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దండి. ఐటీ వాళ్ల ఇళ్లలో ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కంపెనీ ల్యాప్‌టాప్‌లో కొత్త ప్రోగ్రామ్ వేయడానికి చాలాచోట్ల అడ్మిన్ అనుమతి ఇవ్వరు. ఇచ్చినా వీపీఎన్, రిమోట్ సపోర్ట్ వెనకాల నడుస్తూనే ఉంటాయి. బయటినుంచి స్క్రీన్ చూడగలిగే ప్రోగ్రామ్ ఏది కనిపించినా నిఘా సాఫ్ట్‌వేర్‌కు అనుమానమే. తమ స్క్రీన్‌ను ఇంకెవరో రికార్డు చేస్తుంటే కంపెనీకీ అనుమానమే. ఇద్దరు పోలీసుల మధ్య పిల్లాడి ఆట ఇరుక్కుంటుంది. బంధువుల దగ్గరో స్నేహితుల దగ్గరో సొంత ల్యాప్‌టాప్ రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి.

చెస్.కామ్ వాళ్ల ప్రాక్టర్ లాంటివి మొత్తం స్క్రీన్‌ను, వెనక నడిచే ప్రోగ్రాములను, కెమెరాను, మైకులో పడే శబ్దాన్ని కనిపెడుతుంటాయి. రికార్డును ఆట సమయంతో సరిపోల్చి, ఉదాహరణకు ఇరవై మూడో ఎత్తుకు ముందు నలభై సెకన్లూ పిల్లాడు ఎటు చూశాడు, స్క్రీన్ మీద ఏముంది అన్నది తర్వాత తీరిగ్గా చూస్తారు. దొంగాట అని తీర్పు చెప్పేది మాత్రం మనుషులే, అంటే ఆర్బిటర్లు (పోటీ న్యాయనిర్ణేతలు), మోసాలను పరిశీలించే ఫెయిర్ ప్లే బృందం. రికార్డులో సందేహానికి చోటు లేకుండా చూసుకోవడమే మీ వంతు.

అన్నీ ముందురోజే అమర్చుకోండి. మ్యాక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇచ్చి, యాప్‌ను మూసి మళ్లీ తెరవాలి. ఇది మరిచిపోతే నిర్వాహకులకు నల్ల తెర కనిపిస్తుంది. విండోస్‌లో యాంటీవైరస్ అడ్డుపడొచ్చు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఒక్కటీ లేని కొత్త ప్రొఫైల్ తెరిచి అందులోనే ఆడించండి. వాట్సాప్ వెబ్, టెలిగ్రామ్ మూసేయండి. ఆట మధ్యలో మెసేజ్ వస్తే చెయ్యి దానంతటదే అటు పోతుంది, కిటికీ మారినట్టు నమోదవుతుంది. రెండో మానిటర్ కేబుల్ పీకేయండి, ఆపేస్తే చాలదు.

ఫోన్‌ను కుర్చీకి పక్కగా, కాస్త వెనక్కి, సుమారు మీటరున్నర దూరంలో భుజం ఎత్తున నిలబెట్టండి. తెర, కీబోర్డు, రెండు చేతులు, ముఖం ఒక పక్క, ఇవన్నీ ఒకే చట్రంలో పడాలి. ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు ట్రైపాడ్ చాలు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి, లేకపోతే ఎవరో ఫోన్ చేసేసరికి కెమెరా ఆగిపోతుంది. ఫోన్ మైకు, స్పీకర్ రెండూ ఆపాలి, లేదంటే ల్యాప్‌టాప్ మైకుతో కలిసి కీచుమంటుంది. ఛార్జర్ తగిలించే ఉంచండి, కానీ దుప్పటి మీదో దిండు మీదో ఆనించకండి. గంట గడిచేసరికి వేడెక్కి ఆగిపోతుంది.

ఒక మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచుతారో నిర్వాహకులను అడగండి. టోర్నీ అయ్యాక ప్రోగ్రామ్ తీసేయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఆలోచించేటప్పుడు పైకప్పు వైపు చూస్తుంది. తప్పు పడతారా?
- ఒక పాఠకురాలు, కోడంబాక్కం, చెన్నై

జవాబు: పట్టరు. లెక్క వేసేటప్పుడు చాలామంది అలాగే చూస్తారని ఆర్బిటర్లకు తెలుసు. ప్రతి కష్టమైన ఎత్తుకు ముందూ కళ్లు ఒకే మూలకు పోతే అప్పుడు అనుమానిస్తారు. గొణగడం మాన్పించండి, చెవులు కనిపించేలా జడ వేయండి. చెప్పకుండా కుర్చీలోంచి లేవకూడదు.

ప్రశ్న: గెలిచే ఆటలో కరెంటు పోయి, సమయం అయిపోయి ఓడాను. అప్పీలు చేస్తే ఫలితం ఉంటుందా?
- ఒక విద్యార్థి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: సాధారణంగా ఉండదు. ఇంటి కరెంటు, ఇంటి ఇంటర్నెట్ ఆటగాడి బాధ్యతేనని నిబంధనల్లో రాస్తారు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 2020లో జరిపిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ చూడండి. క్వార్టర్ ఫైనల్లో భారత్‌తో ఆడుతున్న ఆర్మేనియా ఆటగాడి కనెక్షన్ తెగితే వారి అప్పీలును తోసిపుచ్చారు. ఆగస్టు 30న ఫైనల్లో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు తెగినప్పుడు మాత్రం భారత్, రష్యాలను ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఆ రోజు ఇంటర్నెట్ అంతరాయం ప్రపంచమంతటా కనిపించింది కాబట్టి వాదన నిలబడింది. మీ వీధిలో ఫ్యూజు పోతే ఎవరు చూడొచ్చారు?

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది. చచ్చిపోయేది రౌటరే. కరెంటు పది సెకన్లే పోయినా అది తిరిగి లేచేందుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్‌లో అంతటితో ఆట ఖతం. రిచీ స్ట్రీట్‌లో రౌటర్ మినీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదువుకుని వెళ్లండి. చాలావాటికి 12 వోల్టులే గానీ కొన్నింటికి 9. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ కరెంటు కావాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లో 60 మంది పిల్లలకు ఆన్‌లైన్ టోర్నీ పెడుతున్నాం. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేం. దారి ఉందా?
- ఒక నిర్వాహకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఉంది. ఆట లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో పెట్టండి, ఉచితం. టీమ్ పెట్టి, సభ్యులకు మాత్రమే స్విస్ టోర్నీ (ఓడినా ఎవరూ వెళ్లిపోకుండా, సమాన పాయింట్లున్నవాళ్లు తలపడేది) నడపొచ్చు. నిఘాకు జూమ్. ఉచిత జూమ్‌లో రెండు చిక్కులు: సమావేశానికి వంద మంది, నలభై నిమిషాలు. అరవై మంది రెండేసి పరికరాలతో వస్తే నూట ఇరవై. 15+10 ఆట (ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం) ఒక్కొక్కరు నలభై ఎత్తులు వేసేసరికే 43 నిమిషాల దాకా పోవచ్చు, సరిగ్గా ఆట చివరి ఘట్టంలో జూమ్ తెగుతుంది. 10+5 పెట్టండి, అరవై ఎత్తులకైనా అరగంట దాటదు. రౌండుకో కొత్త సమావేశం.

అందరికీ రెండు కెమెరాలు అక్కర్లేదు. పక్కనుంచి తెర కూడా కనిపించే ఒక్క ఫోన్ చాలు. ఇరవై మందికి ఒక పెద్దాయనో పెద్దావిడో చొప్పున మూడు సమావేశాలు నడపండి, తమ పిల్లలున్న సమావేశాన్ని వాళ్లకు ఇవ్వకండి. చివరి రెండు రౌండ్లలో పై నాలుగు బోర్డులకు మాత్రం స్క్రీన్ షేర్ అడగండి. మొత్తం డెస్క్‌టాప్ షేర్ చేయమనాలి. ఒక్క కిటికీ షేర్ చేస్తే పక్కన తెరిచిన ఇంజిన్, అంటే మంచి ఎత్తులు చెప్పే ప్రోగ్రామ్, మీకు కనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి ఒక ఆటలో 95 శాతం కచ్చితత్వంతో ఆడిందని, మోసం చేసిందని ఒక టోర్నీ నిర్వాహకులు తొలగించారు. అది రుజువేనా?
- ఒక తండ్రి, పెరంబూరు, చెన్నై

జవాబు: కచ్చితత్వమంటే మీ అమ్మాయి ఎత్తులు కంప్యూటర్ ఎంచే మంచి ఎత్తులకు ఎంత దగ్గరో చెప్పే అంకె. ఒక్క ఆట అంకె రుజువు కాదు. ప్రత్యర్థి ఓపెనింగ్‌లోనే, అంటే ఆట మొదట్లోనే, ఉచ్చులో పడితే, కొట్టిన పావును తిరిగి కొట్టే ఎత్తులే మిగిలితే ఎవరికైనా తొంభై దాటుతుంది. పద్ధతిగా చూసేవాళ్లు ఓపెనింగ్ ఎత్తులనూ, అప్పటికే గెలుపు ఖాయమైన స్థితులనూ పక్కనపెట్టి, చాలా ఆటలు కలిపి, ఆ రేటింగువాళ్లు సాధారణంగా ఎలా ఆడతారో దానితో పోలుస్తారు. బఫెలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెన్నెత్ రీగన్ ఇందులో పేరున్నవారు. తేడాను జెడ్ స్కోరుగా చెబుతారు, అంటే మామూలు ఆటతీరు నుంచి ఎంత దూరం జరిగిందో కొలిచే అంకె. 2 దాటడం యాదృచ్ఛికంగా 44 మందిలో ఒకరికి జరుగుతుంది. రెండు వందల మంది టోర్నీలో ఏ పాపం ఎరగని నలుగురైదుగురు దాటేస్తారు. 4 దాటడమంటే ముప్పై వేలలో ఒకటి.

నిర్వాహకులకు ఒక్కటే ఉత్తరం రాయండి, వాట్సాప్ గ్రూపుల్లో వద్దు. ఏ ఆటలు, ఏ ఎత్తులు, జెడ్ ఎంత, వీడియోలో ఏ నిమిషంలో ఏం కనిపించింది అని అడగండి. ఎత్తుకెత్తుకు పట్టిన సమయం కూడా తెప్పించుకోండి. కొట్టినదాన్ని తిరిగి కొట్టడానికీ, పావును కావాలని వదులుకునే లోతైన బలిదానానికీ ఒకేలా ఆరేసి సెకన్లు పట్టి ఉంటే అది మీకు ఇబ్బందే. తేలిక ఎత్తుకు రెండు సెకన్లు, కష్టమైనదానికి రెండు నిమిషాలు పట్టి ఉంటే ఆ పట్టికను అప్పీలుకు జతచేయండి.