మోడ్స్ టెస్ట్ చేయడానికి గేమ్ రెండోసారి ఇన్‌స్టాల్ చేయాలా?

మీరు అడిగింది ఇది: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ నడిపే గేమ్‌లో మన బస్సుల మోడ్స్ (ఆటగాళ్లు చేసి గేమ్‌కు కలిపే అదనపు ఫైళ్లు) వేసుకుని ఆడుతున్నారు. కొత్త మోడ్ పెట్టినప్పుడల్లా ఎక్కడో ఒకచోట క్రాష్ అవుతోంది. టెస్టింగ్ కోసం గేమ్‌ను విడిగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా, లేక మిగతా మోడ్స్ ఆఫ్ చేసి చూస్తే సరిపోతుందా? డిస్క్‌లో జాగా లేదని కూడా రాశారు.

విడి సెటప్ కావాలి. రెండో ఇన్‌స్టాల్ మాత్రం అక్కర్లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది జాగా లేదని, డేటా లేదని ఆ ఆలోచనే మానేస్తారు.

నాది నల్గొండ. పల్లె వెలుగు నుంచి సూపర్ లగ్జరీ దాకా ఆర్టీసీ బస్సుల స్కిన్లు (బస్సు మీద కనిపించే రంగులు, రాతలు) చేసి తెలిసినవాళ్లకు ఇస్తుంటాను. 2024లో టీఎస్‌ఆర్టీసీ కాస్తా టీజీఎస్‌ఆర్టీసీ అయినప్పుడు పాత స్కిన్లన్నీ మళ్లీ ముట్టుకోవాల్సి వచ్చింది. అక్షరాలు మార్చడం ఎంతసేపు! మార్చింది ఎవరి పీసీలోనైనా సరిగ్గా కనిపిస్తుందా లేదా చూడటమే అసలు పని. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం చాదస్తం ఎక్కువ, జవాబు కూడా పొడుగే అవుతుంది.

ముందు ఆఫ్ చేసి చూడటం సంగతి. మోడ్ మేనేజర్‌లో తీసేసిన మోడ్ ఫైళ్లు లోడ్ కావు, నిజమే. కానీ మీ సేవ్, అంటే మీ ఆట ఎంతవరకు వచ్చిందో దాచే ఫైలు, ఆ మోడ్స్‌తో కలిసి పెరిగింది. మీరు కొన్న బస్సు, మ్యాప్ మోడ్ ఊళ్లో తీసుకున్న గ్యారేజీ, సగంలో ఉన్న జాబ్, అన్నీ అందులో రాసి ఉంటాయి. మోడ్స్ తీసి ఆ సేవ్ తెరిస్తే గేమ్ లేనివాటిని వదిలేసి ఉన్నదానితో సర్దుకుంటుంది. ఆ మీద ఒక్క ఆటోసేవ్ పడిందా, ఇక ఆ సర్దుకున్న రూపమే మిగులుతుంది. టెస్ట్ చేసినట్టూ కాదు, పాత ఆట దక్కినట్టూ కాదు.

ఇప్పుడు దారి. ఈ గేమ్ రెండు చోట్ల ఉంటుంది. అసలు గేమ్ ఫైళ్లు స్టీమ్ (గేమ్ కొని డౌన్‌లోడ్ చేసుకునే యాప్) ఫోల్డర్‌లో ఉంటాయి, జీబీలకు జీబీలు. మీ ప్రొఫైళ్లు, సేవ్‌లు, గ్రాఫిక్స్ సెట్టింగులు, మోడ్ ఫోల్డర్, లాగ్ ఫైల్ (గేమ్ నడిచేటప్పుడు జరిగినవన్నీ రాసుకునే ఫైలు) మాత్రం డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. మీకు రెండోది కావాల్సింది ఈ చిన్న భాగమే. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్ తెరిచి, లాంచ్ ఆప్షన్స్‌లో హైఫన్ పెట్టి హోమ్‌డిర్ అని కలిపి (-homedir) రాసి, పక్కన ఒక కొత్త ఫోల్డర్ అడ్రస్ ఇవ్వండి. ఫోల్డర్ పేరులో ఖాళీలు లేకుండా చూసుకుంటే తలనొప్పి తగ్గుతుంది. గేమ్ ఆ ఫోల్డర్ లోపల కొత్త సంసారం పెట్టుకుంటుంది: ప్రొఫైల్ లేదు, మోడ్ లేదు, సెట్టింగులు కూడా మొదటి నుంచి. మీ పాత డాక్యుమెంట్స్ జోలికి పోదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు ఇదొక్కటే గిట్టుబాటయ్యే పద్ధతి, కొత్తగా డౌన్‌లోడ్ చేసేది ఏమీ లేదు కాబట్టి.

ప్రతిసారీ లాంచ్ ఆప్షన్ మార్చుకుంటూ కూర్చోవద్దు, ఏదో ఒక రోజు మరిచిపోతారు. స్టీమ్ అప్లికేషన్‌కు డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ చేసి, దాని టార్గెట్‌లో హైఫన్‌తో యాప్‌లాంచ్ (-applaunch), తర్వాత ఈ గేమ్ నంబర్ 227300, ఆ తర్వాత హైఫన్‌తోనే హోమ్‌డిర్, ఫోల్డర్ అడ్రస్ వరుసగా రాయండి. ఐకాన్ మార్చి పెట్టుకోండి. మా ఇంట్లో తమ్ముడు కూడా ఇదే పీసీ మీద ఆడతాడు, వాడు పొరపాటున టెస్ట్ సెటప్ తెరవకుండా నేను దానికి ఎర్ర ఐకాన్ పెట్టాను.

ఇంతవరకు చాలా వీడియోల్లో చెబుతారు. చెప్పనివి కొన్ని ఉన్నాయి.

మొదటిది స్టీమ్ క్లౌడ్, అంటే సేవ్‌లను ఆన్‌లైన్‌లో దాచే సదుపాయం. మీ మెయిన్ ప్రొఫైల్ క్లౌడ్‌లో ఉంటే దాని ఫైళ్లు డాక్యుమెంట్స్‌లో కాదు, స్టీమ్ సొంత యూజర్ డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. అంటే టెస్ట్ సెటప్ తెరిచినా ఆ ప్రొఫైల్ అక్కడ ప్రత్యక్షమవుతుంది. దాన్ని నొక్కారో, పైన చెప్పిన ఆటోసేవ్ ముచ్చటే మళ్లీ. మెయిన్ ప్రొఫైల్‌కు క్లౌడ్ తీసేసి మామూలు బ్యాకప్ పెట్టుకోండి, లేదంటే కనీసం ఆ ప్రొఫైల్ పేరు చూడగానే గుర్తుపట్టేలా ఉంచండి. టెస్ట్ ప్రొఫైల్ చేసేటప్పుడు క్లౌడ్ వద్దని చెప్పాలి.

రెండోది, హోమ్‌డిర్ మార్చినా గేమ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఒకటే. డ్యాష్‌బోర్డు యాప్‌ల కోసం వేసుకునే టెలిమెట్రీ ప్లగిన్లు బిన్ ఫోల్డర్ లోపల ఉంటాయి. రంగులు బాగుండాలని వేసుకునే రీషేడ్ కూడా అక్కడే. మీరు క్లీన్ అనుకుంటున్న సెటప్‌లోనూ అవి లోడ్ అవుతూనే ఉంటాయి. క్రాష్‌లకు కారణం వెతికేటప్పుడు మోడ్స్ అన్నీ తిట్లు తింటాయి, ఈ మహానుభావులు మాత్రం లెక్కలోకి రారు. టెస్ట్ చేసేముందు ఆ ఫైళ్లను పక్కకు తీసి పెట్టండి. స్టీమ్‌లో మోడ్స్ దొరికే వర్క్‌షాప్‌లో సబ్‌స్క్రయిబ్ చేసిన మోడ్స్ కూడా అంతే, రెండు సెటప్‌ల జాబితాలోనూ కనిపిస్తాయి. ప్రొఫైల్‌లో యాక్టివేట్ చేయనంతవరకు భయం లేదు.

మూడోది లాగ్. క్లీన్ సెటప్‌లో ఒక్క మోడ్ కూడా లేకుండా గేమ్ నడిపి, కాసేపు తిరిగి, బయటికొచ్చి ఆ లాగ్ ఫైల్‌ను వేరే పేరుతో దాచండి. అసలు గేమ్ కూడా ఎప్పుడూ ఏవో వార్నింగులు గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడు ఏమిటో తెలిస్తేనే మోడ్ పెట్టాక కొత్తగా వచ్చిన ఎర్రర్ ఏదో తెలుస్తుంది. గేమ్ తెరిచిన ప్రతిసారీ పాత లాగ్ చెరిగిపోతుంది, అందుకని క్రాష్ అయిన వెంటనే, మళ్లీ తెరవకముందే కాపీ చేసుకోవాలి. "అన్నా క్రాష్ అయింది" అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లే ఎక్కువ, లాగ్ పంపేవాళ్లు తక్కువ. స్క్రీన్‌షాట్‌తో ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఆ సెటప్‌లో ఒక కొత్త ప్రొఫైల్ చేసి, సొంత బండి కొనేదాకా ఆడి, ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌ను జిప్ చేసి పెట్టండి. ప్రతి టెస్ట్ తర్వాత పాతది తీసేసి జిప్‌లోంచి తాజాది వేసుకోవాలి. అంతే తప్ప అందులో ఆడకూడదు. మా నాన్న పొలానికి కొత్త మందు కొట్టినప్పుడు ఒక మడిని ఊరికే వదిలేస్తాడు, మందు వల్ల వచ్చిన మార్పేదో దాన్ని చూస్తే తెలుస్తుందని. ఈ సెటప్ ఆ మడి. కాన్ఫిగ్ ఫైల్‌లో డెవలపర్, కన్సోల్ రెండింటికీ 1 పెడితే ఊళ్లకు ఊళ్లు దాటుకుంటూ గోటూ కమాండ్‌తో వెళ్లి చూడొచ్చు, గంటలు డ్రైవ్ చేయనక్కర్లేదు. అది కూడా టెస్ట్ సెటప్ వరకే బాగుంటుంది. మెయిన్ ఆటలో చేతికందితే ఎవరూ సూర్యాపేట దాకా కూడా డ్రైవ్ చేయరు.

ఇప్పుడు మీ క్రాష్. అనుమానం ఉన్న మోడ్ ఒక్కదాన్నే క్లీన్‌లో వేయండి. అక్కడా క్రాష్ అయితే మోడ్‌లోనే ఖరాబు ఉంది, లేదా అది మీ గేమ్ వెర్షన్‌కు చేసింది కాదు, లేదా మీ దగ్గర లేని డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా వచ్చే అదనపు భాగం) అడుగుతోంది. 2020లో 1.37 వెర్షన్‌తో ఈ గేమ్ సౌండ్ పద్ధతి మొత్తం ఎఫ్‌మోడ్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. అంతకుముందు చేసిన బస్సులు ఇప్పటికీ చేతులు మారుతూ తిరుగుతున్నాయి, మూగ ఇంజన్లతో. ప్రాపర్టీస్‌లో బీటాస్ అన్నచోట పాత వెర్షన్లు దొరుకుతాయి. కానీ వెర్షన్ మారిస్తే రెండు సెటప్‌లకూ మారుతుంది, గేమ్ ఫైళ్లు ఒకటే కాబట్టి. పైగా మళ్లీ డౌన్‌లోడ్. ఒక్క పాత బస్సు కోసం అంత అవసరమా అనేది మీ ఇష్టం, నేనైతే ఆ బస్సునే వదిలేస్తాను.

క్లీన్‌లో బాగా నడిచి మెయిన్‌లో క్రాష్ అయితే గొడవ రెండు మోడ్స్ మధ్య ఉంది. రెండు బస్సు మోడ్స్ లోపల ఒకే పేరుతో ఫోల్డర్ ఉంటే, జాబితాలో పైనున్న దాని ఫైళ్లు కిందదాని ఫైళ్లను కప్పేస్తాయి. ఒక బస్సు బాడీ, ఇంకో బస్సు ఇంటీరియర్ కలిసి ఏదీ కానిది తయారవుతుంది. దీన్ని పట్టుకోవడానికి మెయిన్ సెటప్‌లోనే ఇంకో కొత్త ప్రొఫైల్ చేయండి, ఎందుకంటే ఏ మోడ్స్ ఆన్ అనేది ప్రొఫైల్‌ను బట్టి ఉంటుంది. అనుమానం ఉన్న మోడ్‌ను ఆన్‌లోనే ఉంచి, మిగతావాటిలో సగం తీసేయండి. క్రాష్ ఆగితే శత్రువు తీసేసిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 40 మోడ్స్ ఉన్నా ఆరు సార్లకు మించదు. మ్యాప్ మోడ్స్ నాలుగైదు ఫైళ్లుగా వస్తాయి, వాటిని విడదీయకుండా ఒకే మోడ్‌గా లెక్కపెట్టుకోండి.

నన్ను అడిగితే క్లీన్ సెటప్ అసలు విలువ దీనికి రివర్స్‌లో ఉంది. మెయిన్‌లో బాగా నడిచి క్లీన్‌లో పడిపోయే మోడ్! మిర్యాలగూడలో ఉండే ఒక మిత్రుడు తను చేసిన బస్సు పంపాడు. అతని పీసీలో భేషుగ్గా ఉంది, నా మెయిన్‌లోనూ ఉంది. క్లీన్‌లో వేస్తే డ్రైవర్ సీటు ముందు స్టీరింగ్ లేదు, హారన్ కొడితే శబ్దం లేదు. లాగ్ చూస్తే దొరకని ఫైళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి, అన్నీ ఒక పాత బస్ ప్యాక్‌లోవి. ఆ ప్యాక్ అతని దగ్గరా నా దగ్గరా ఏనాటి నుంచో ఉంది, అందుకే ఇద్దరికీ తేడా తెలియలేదు. అలాగే అందరికీ ఇచ్చి ఉంటే, ఆ ప్యాక్ ఉన్నవాళ్లు సూపర్ అనేవాళ్లు, లేనివాళ్లు తిట్టేవాళ్లు, ఎందుకో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాబట్టి మీరు వాడటమే కాక మోడ్ చేసి పంచే మనిషైతే క్లీన్‌లో నడిపి చూడనిదే ఎవరికీ ఇవ్వొద్దు.

స్కైరిమ్ అనే ఇంకో గేమ్ గురించి కూడా చివర్లో అడిగారు. అక్కడ కథ వేరు. మోడ్స్ సర్దిపెట్టే మోడ్ ఆర్గనైజర్ 2 అనే ప్రోగ్రామ్ వాడితే ప్రొఫైల్ విడిగా చేసి, సేవ్‌లు, ఐఎన్ఐ సెట్టింగులు కూడా ఆ ప్రొఫైల్‌కే ఉండేలా టిక్ పెట్టుకోవచ్చు. మోడ్ ఫైళ్లు గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లవు కాబట్టి దాదాపు పని అయిపోయినట్టే. స్క్రిప్టులున్న మోడ్ ఒకసారి సేవ్‌లోకి ఎక్కిందంటే మోడ్ తీసేసినా దాని ఆనవాళ్లు ఆ సేవ్‌లో మిగిలిపోతాయి, అందుకని టెస్ట్ ఎప్పుడూ కొత్త గేమ్‌తోనే. ఇంటి దొంగ మాత్రం అప్‌డేట్. 2021 నవంబర్ 11న స్పెషల్ ఎడిషన్ 1.6 వెర్షన్‌కు మారిన రోజు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మోడ్స్ ఇంకా ఎక్కువ చేయగలిగేలా గేమ్‌కు తగిలించే విడి ప్రోగ్రామ్) మీద ఆధారపడ్డ మోడ్స్ ఒక్కసారిగా ఆగిపోయాయి. మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావమరిదికి అప్పుడు పరేషాన్ లేదు. గేమ్ ఫోల్డర్ మొత్తం స్టీమ్ బయట ఇంకో చోట కాపీ చేసి, మోడ్ ఆర్గనైజర్‌కు ఆ కాపీనే చూపించి పెట్టుకున్నాడు, అప్‌డేట్ దాన్ని తాకలేదు. మామూలు గేమ్‌కు 12 జీబీ దాకా జాగా కావాలి, కాబట్టి ఇక్కడ మాత్రం మీ డిస్క్‌లో ఏదో ఒకటి ఖాళీ చేయక తప్పదు. కాపీ చేయలేకపోతే స్టీమ్ ప్రాపర్టీస్‌లో, గేమ్ తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చేయమని పెట్టి, గేమ్‌ను స్టీమ్ ప్లే బటన్‌తో కాకుండా మోడ్ ఆర్గనైజర్ నుంచి స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్‌తోనే తెరవండి.