పడవ ఇంజిన్ పవర్ పడిపోతుంటే ఫ్యూయల్ పంపు మార్చే ముందు రబ్బరు బల్బు పిసికి చూడండి

స్లోలో బాగానే నడిచి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన రెండు మూడు నిమిషాలకే మీ పడవ వెనక బిగించిన అవుట్‌బోర్డ్ ఇంజిన్ పవర్ పడిపోతోందన్నారు కదా. కొత్త ఫ్యూయల్ పంపు కొనడానికి తొందరపడకండి. ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. చాలాసార్లు అదే కారణం.

అది సరిగ్గానే ఉంటే, పవర్ తగ్గుతున్న సమయంలోనే పక్కన ఒకరిని పెట్టుకుని పెట్రోలు గొట్టం మధ్య ఉండే రబ్బరు బల్బును పిసకమనండి. అసలు సంగతి అక్కడే తేలుతుంది. బల్బు లోపలికి పీల్చుకుపోయి అణిగి ఉంటే పంపు లాగుతూనే ఉందన్నమాట. అడ్డు ట్యాంకు వైపే ఉంది. బల్బు మామూలుగా ఉండి, పిసగ్గానే ఇంజిన్ ఊపందుకుంటే పంపు డయాఫ్రమ్‌నే (లోపల పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలు లాగే పల్చటి పొర) అనుమానించాలి, లేదా జాయింట్ల దగ్గర గాలి లాగుతుండాలి. పంపు ముందు జానెడు పారదర్శక పెట్రోలు గొట్టం తగిలిస్తే బుడగలు కళ్లకే కనబడతాయి. పిసికినా తేడా లేకపోతే కార్బురేటర్, ప్లగ్గులు చూడండి.

మీది ఫోర్‌స్ట్రోక్ అయితే డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చి ఆయిల్ మట్టం పెరిగి ఉంటే డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. అలా ఉంటే మాత్రం పంపు బాగుచేసి ఆయిల్ మార్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి, బేరింగులు పోతాయి.