ఇంజిన్ కేసింగ్ మీద మొండి మరకలకు

తమ్ముడూ, షాంపూతో ఎంత రుద్దినా బైక్ ఇంజిన్ మీద మట్టి మరకలు పోవట్లేదన్నావు. గుంటూరు చుట్టుపక్కల పొలం దారుల్లో తిరిగే బండికి అది మామూలే. నల్లరేగడి బురద, చైన్ నుంచి చిమ్మిన ఆయిల్ కలిసి ఇంజిన్ వేడికి మాడి అట్టకట్టేస్తాయి. జిడ్డు వదిలితేగానీ మట్టి వదలదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక తడిగుడ్డ కప్పి మట్టిని నాననివ్వు. కడిగి, ఆరాక కిరోసిన్ గానీ డీజిల్ గానీ పూసి ఓ పది నిమిషాలు వదిలెయ్. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లతో కడిగెయ్. చాలా బళ్లకి ఎడమవైపు చిన్న స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) కవర్ దగ్గరే అసలు మురికంతా ఉంటుంది, అది విప్పి మరీ తియ్యి. కిరోసిన్ బ్రేకుల మీద, టైర్ల మీద పడనీయకు.

బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు, ఎవరు చెప్పినా సరే. అల్యూమినియాన్ని తినేసి మచ్చలు పడతాయి. కాస్టిక్ సోడా కూడా అంతే. స్టీల్ పీచు గీతలు పెడుతుంది. పెయింట్ లేని కేసింగైతే చివర్లో మెటల్ పాలిష్ పట్టించు, నల్ల పెయింట్‌దానికి వద్దు.

ఇంత చేసినా లాకర్ (కేసింగ్ మీదుండే పారదర్శకమైన పూత) కింద తెల్లగా పాకినట్టు కనిపిస్తే అది మురికి కాదు, అల్యూమినియం తుప్పు. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి బఫింగ్ (మెషీన్‌తో రుద్ది మెరుగు పెట్టడం) అడుగు.