బాస్కెట్‌బాల్ టీమ్‌లో చేరుతున్న మేనల్లుడికి

కార్తీక్,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, "నీ మేనల్లుడు ఎమ్మెస్ చదువుతూ బాల్స్ అందించే ఉద్యోగంలో చేరతాడట, కాస్త నువ్వైనా గడ్డి పెట్టవే" అన్నాడు. బాల్స్ అందించడం కాదన్నయ్యా, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, ఆటగాళ్ల ఆట మెరుగుపరిచే పని, ఫీజు కూడా వాళ్లే కడతారు అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఫీజు మాట విన్నాక కొంచెం మెత్తబడ్డాడులే. నాకే ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నేను సెలవులకి గుంటూరు వచ్చినప్పుడల్లా మోకాళ్లు చీరుకుపోయి వచ్చి, ముందు ఎన్ని బాస్కెట్లు వేశావో చెప్పి, ఆ తర్వాత ఏడ్చేవాడివి. ఆ పిల్లాడు అమెరికాలో కాలేజీ టీమ్ బెంచీ వెనక కూర్చోబోతున్నాడంటే గర్వంగా ఉండదా? కానీ ఇక్కడ ఇండియానా రాష్ట్రంలో ఒక కాలేజీలో ఆటగాళ్ల చదువు చూసే ఆఫీసులో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని. లోపలి సంగతులు తెలిసినవాళ్లకి టెన్షన్ కూడా ఉంటుంది.

మామూలు విషయాలు ముందే చెప్పేస్తా. ప్రాక్టీసుకి అందరికంటే ముందు ఉండు. హెడ్ కోచ్ మాట్లాడుతుంటే ఫోన్ ముట్టుకోకు. అపార్ట్‌మెంట్ లీజు ఏడాదికి మించి రాయకు. కోచ్ మారితే స్టాఫ్ అంతా పెట్టే బేడా సర్దుకోవాల్సిందే, నువ్వూ అందులోనే.

ఇక అసలు సంగతి. నువ్వు ఎవరికి ఆట నేర్పుతావో వాడు ఏప్రిల్‌లో వెళ్లిపోవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కాలేజీ మారిన ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలి. అందుకే చాలామంది మారేవాళ్లు కాదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే ఆన్‌లైన్ జాబితా. 2021లో మొదటిసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు. అదే ఏడాది జులైలో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2024 ఏప్రిల్‌కల్లా, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా అడ్డు లేకుండా పోయింది. 2025 వసంతంలో మగపిల్లల డివిజన్ వన్‌లోనే, అంటే కాలేజీ ఆటలో పై స్థాయిలోనే, రెండువేల మందికి పైగా పోర్టల్లో పేరు పెట్టారు. ఉన్న టీములేమో మూడొందల అరవై చిల్లర. టీముకి ఎంతమంది అయ్యారో నువ్వే లెక్క వేసుకో, డేటా సైన్స్ నీదేగా.

బాస్కెట్‌బాల్‌కి పేరున్న కెంటకీ యూనివర్సిటీ అంతటి చోటే 2024లో కోచ్ కాలిపరి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్లిపోతే, కొత్తగా వచ్చిన మార్క్ పోప్‌కి స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడూ మిగల్లేదు. మొత్తం టీమ్ కొత్తగా పోగేసుకున్నాడు. నాకు అంతకంటే గుచ్చుకున్నది మా రాష్ట్రంలోని ఇండియానా స్టేట్ యూనివర్సిటీ కథ. పాతతరం మేటి ఆటగాడు లారీ బర్డ్ ఆడిన కాలేజీ అది, టెర్రె హోట్‌లో ఉంటుంది. 2023-24లో 32 మ్యాచ్‌లు గెలిచి, ఎన్ఐటీ అనే కాలేజీ టోర్నమెంట్ ఫైనల్లో సీటన్ హాల్ యూనివర్సిటీ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కళ్లద్దాలు పెట్టుకుని ఆడే రాబీ అవీలాని చూడ్డానికి ఆట తెలియని ముసలమ్మలు కూడా టీవీల ముందు కూర్చున్నారు. వాళ్ల కోచ్ షెర్ట్స్ సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వెళ్లగానే మొదటి అయిదుగురూ వెళ్లిపోయారు. అవీలా కోచ్ వెంట వెళ్లాడు, ఇద్దరు టెక్సస్ యూనివర్సిటీలో తేలారు.

అలాంటప్పుడు నేర్పడం దేనికి అని నీకు ఫిబ్రవరిలో ఒక రాత్రి తప్పకుండా అనిపిస్తుంది. నారు మనం పోస్తే నాట్లు పక్క ఊళ్లో వేసుకుంటారు, చిన్న కాలేజీల పని అదే. దానికి ఏడిస్తే ఈ ఉద్యోగం చెయ్యలేవు. ఇక్కడి పర్డ్యూ యూనివర్సిటీలో కోచ్ మ్యాట్ పెయింటర్ పద్ధతి వేరు. జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాల టొరంటో కుర్రాడు. హైస్కూల్ ర్యాంకింగుల్లో నాలుగొందల కింద ఎక్కడో ఉండేవాడు. ఓపిగ్గా దిద్దుకుంటూ వస్తే 2023లో, 2024లో వరుసగా దేశంలోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. 2023లో జాతీయ టోర్నమెంట్లో 16వ సీడ్, అంటే అట్టడుగు ర్యాంకు టీమ్ చేతిలో ఓడి నవ్వులపాలైన ఆ టీమే మరుసటి ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది. చూడముచ్చటగా ఉంటుంది ఆ కథ. అయితే నువ్వు చేరేది పర్డ్యూ కాదు. నీ చేతిలో ఈడీ పడితే రెండో ఏడాదికే ఎవరో తన్నుకుపోతారు.

కాబట్టి నాలుగేళ్ల ప్లాన్లు వేయకు. వేసవిలో కోచ్‌ల సమక్షంలో దొరికేది ఎనిమిది వారాలు, వారానికి ఎనిమిది గంటలు. సీజన్లో వారానికి ఇరవై. ఒక్కో కుర్రాడికీ ఒకటే విషయం పట్టుకో. ఎడమ చెయ్యో, షాట్ వేసేటప్పుడు కాళ్లు పడే తీరో, ఏదో ఒకటి. మా దగ్గర ఒకాయన ఒక్కో పిల్లాడికి నలభై వీడియో క్లిప్పులు పంపేవాడు. వాళ్లు స్టడీ హాల్లో నా ఎదురుగానే వేలితో పైకి తోసేసేవారు. ఆరు చాలు, అందులో రెండు వాడు బాగా ఆడినవి పెట్టు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతా, జాగ్రత్తగా చదువు. మా దగ్గర గార్డ్ పొజిషన్‌లో, అంటే బంతి నడిపే చోట, ఆడే ఒకడు ఉండేవాడు, చిన్న ఊరి కుర్రాడు, నెమ్మదస్తుడు. రెండేళ్లు ఎక్కువగా బెంచీ మీదే. మార్చిలో సీజన్ అయిపోయాక ఒక గురువారం సాయంత్రం నా దగ్గర స్టాటిస్టిక్స్ హోంవర్క్ చేసుకుంటున్నాడు. ఫోన్ వెలిగింది. చూశాడు, మాట్లాడకుండా నా వైపు తిప్పాడు. మా జెర్సీ వేసుకుని ఇంకో కాలేజీ గార్డ్ ఫొటో, వచ్చే ఏడాది ఇక్కడే ఆడతానని ప్రకటన. "మ్యామ్, ఇతనిది నా పొజిషనే" అన్నాడు.

కోచ్‌లకి ఆ సంగతి రెండు వారాలుగా తెలుసు. రోజూ వీడితో షూటింగ్ చేయించే గ్రాడ్యుయేట్ అసిస్టెంటుకి కూడా తెలుసు. అచ్చం నీలాంటి మంచి కుర్రాడే. చెప్పడం తన పని కాదనుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ రెండు వారాలూ ఎడమచేతి లేఅప్‌లు వేయిస్తూ "వచ్చే ఏడాది నీదే" అంటూ వచ్చాడు. మా కుర్రాడికి దెబ్బ తగిలింది కొత్త గార్డ్ వల్ల కాదు, ఆ మాట వల్ల. పోర్టల్ గడువు చివరి రాత్రి ఎవరితోనూ అనకుండా పోర్టల్లో పేరు పెట్టేశాడు. పేరు పెట్టాక ఆ టర్మ్ చివర స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు కాలేజీకి ఉంటుంది. ఆపేశారు. మొదట ఫోన్లు చేసిన పెద్ద కాలేజీలు మే వచ్చేసరికి ఎత్తడం మానేశాయి. జులైలో దొరికింది ఒక చిన్న చోటు. అక్కడ వాడి మేజర్, అంటే డిగ్రీలో వాడి ముఖ్య సబ్జెక్టు, లేదు. పాసైన క్లాసులకి లెక్కగా వచ్చే క్రెడిట్లలో బోలెడన్ని డిగ్రీ లెక్కలోకి రాకుండా పోయాయి. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలనేది అప్పటి రూలు. అది తగ్గింది, మొదటి సెమిస్టర్ ఆడనివ్వలేదు. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, "క్రెడిట్ అంటే ఏమిటి మ్యామ్, చదివింది చదవనట్టు ఎలా అవుతుంది?" అని అడిగింది. నేనేం చెప్పను?

ఆ కుర్రాడు ఇప్పుడు వాళ్ల ఊళ్లో హైస్కూల్ పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. క్రిస్మస్‌కి మెసేజ్ పెడతాడు. డిగ్రీ మాత్రం అవ్వలేదు.

నువ్వు కోచ్ రహస్యాలు బయటపెట్టాలని నేననడం లేదు, ఉద్యోగం ఊడుతుంది. కోచ్ దగ్గరికే వెళ్లి, "సార్, వీడికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడుగు. అడిగితే కొట్టరు. వాళ్లు నాన్చుతుంటే కనీసం నువ్వు అబద్ధం ఆడకు. "వచ్చే ఏడాది నీదే" అనే మాట నీ నోట్లోంచి రాకూడదు, ఆ ఏడాది నీ చేతిలో లేదు. ఎవడైనా పోర్టల్ మాట ఎత్తితే మొహం చిట్లించకుండా ముందు అకడమిక్ ఆఫీసుకి పంపు. వెళ్లే చోట ఎన్ని క్రెడిట్లు చెల్లుతాయో పేరు పెట్టకముందే కనుక్కోవాలి, ఆ తర్వాత కాదు. డబ్బు కోసం వెళ్లేవాణ్ణి తిట్టకు. ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్ వచ్చాక కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బిస్తున్నాయి. ఇంటి అద్దె కట్టే కొడుకుని ఏ తల్లి ఆపుతుంది? నువ్వు బెంగళూరు ఉద్యోగం వదిలి ఇక్కడికి రాలేదూ?

తిట్టినట్టున్నానా? తిట్టాలనే మొదలుపెట్టాను. బాగా చేస్తావని తెలుసురా. చిన్నప్పుడు కాలనీ పిల్లలందరికీ డ్రిబ్లింగ్ నేర్పి, వాళ్ల చేతుల్లోనే ఓడిపోయి, మళ్లీ వాళ్లకే ఐస్‌క్రీమ్ కొనిపెట్టినవాడివి. ఆ ఐస్‌క్రీమ్ డబ్బులు నావే, గుర్తుంచుకో. జనవరిలో మ్యాచ్ అయ్యాక మంచులో రాత్రి కారు నడపకు, టీమ్ బస్సులోనే రా. జిమ్‌లో పిజ్జా తిని పడుకోకు, రైస్ కుక్కర్ నేనే పంపిస్తాను.

అన్నిటికంటే నా గుండెల్లో రాయి ఒకటుంది. నువ్వు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకి మించి పనిచెయ్యకూడదు. బాస్కెట్‌బాల్ స్టాఫ్‌కి గంటలంటూ ఉండవు, తెల్లవారుజామున రెండింటికి వీడియో అడుగుతారు. "ఇది పనిలో లెక్క కాదులే, అందరూ చేస్తారు" అంటారు. ఆ అందరికీ నీలా వీసా బెడద లేదు. చేరకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి ప్రయాణాలు, వీడియో, ప్రాక్టీసు ఏవేవి ఇరవైలోకి వస్తాయో అడుగు. నోటిమాట కాదు, మెయిల్‌లో తీసుకో. ఆ మెయిల్ నాకూ ఫార్వర్డ్ చెయ్యి. అది చూశాకే మీ నాన్నకి ఫోన్ చేస్తాను.

మీ అత్త